కుట్టని పురుగు

వరప్రసాద్‌ను వెతుక్కుంటూ సినిమా మనిషి వచ్చిన రోజున ఆయన మెట్ల కింద గదిలో కూర్చుని సీసాల మూతలకు మైనం పూస్తున్నాడు. సీసాల్లో కప్పలు, తేళ్లు, ఒక కట్లపాము ఉన్నాయి. అంతకుముందు సంవత్సరం దాకా అవన్నీ మొదటి అంతస్తులో, గాలీ వెలుతురూ ఉన్న జువాలజీ ల్యాబులో ఉండేవి. ఇప్పుడా ల్యాబులో ఏసీలు బిగించి కంప్యూటర్లు పెట్టారు. శ్రీనగర్ కాలనీలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీకి ఆ ఏడు చేరినవాళ్లే తక్కువ. చేరినవాళ్లు కూడా సాయంత్రం కాగానే అమీర్‌పేట పోయి జావా నేర్చుకునేవాళ్లు. స్టాఫ్ రూములో అందరూ మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల భవనాల గురించి మాట్లాడుకుంటుంటే వరప్రసాద్ పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనేవారు కాదు. ఏమీ అడిగేవారూ కాదు.

"సార్, గుర్తువట్టిండ్రా?"

తలుపు దగ్గర గడ్డం పెంచిన మనిషొకడు నిలబడి నవ్వుతున్నాడు. వరప్రసాద్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"జగదీశ్ సార్. మీ స్టూడెంట్‌నే. మీ క్లాసులు సగం ఎగ్గొట్టేటోణ్ణి."

జగదీశ్ ఇప్పుడొక పెద్ద సినిమాకు అసిస్టెంట్ డైరెక్టర్. ఫిల్మ్ నగర్‌లో ఆఫీసు, స్టూడియోలో సెట్టు. కూర్చోమంటే కూర్చోకుండానే వచ్చిన పని చెప్పాడు.

"పాత గడీల, బాయిల నుంచి ముసలామె శవాన్ని తీస్తరు సార్. హీరో ఆమె మనుమడు. మొఖం మీది గుడ్డ తీయంగనే పురుగులు బిలబిల ఉరకాలె. గా షాట్ మీదనే ఇంటర్వెల్ పడ్తది. బొద్దింకలతోని తీసి చూసినం. వంటింటి లెక్క ఉందన్నడు డైరెక్టర్. గ్రాఫిక్స్‌ల చేద్దామంటే మాదాపూర్ కంపెనోళ్లు ఖాళీ లేమన్నరు, అమెరికా పని ఉన్నదట. అప్పుడు నేను చెప్పిన, మా సార్ ఉన్నడు, పురుగులంటే ఆయనకు పాణమని."

వరప్రసాద్ మైనం గిన్నె పక్కన పెట్టాడు. తన గురించి ఎవరో, ఎక్కడో, పదిమందిలో అలా చెప్పారన్న మాట ఆయనకు ఒళ్లంతా పాకింది. జగదీశ్ చెబుతుండగానే ఆయన మనసులో ఒక పురుగు కదిలింది.

"నీళ్ల పక్కన ఉండే పురుగులే కావాలి మీకు. బావిలోంచి తీసిన శవమంటే బొద్దింకలెందుకుంటాయి? పద, చూపిస్తాను," అని చెప్పులు వేసుకున్నాడు.

ఫిల్మ్ నగర్ బండల వెనక, టోలిచౌకి వైపు దిగే పల్లంలో ఒక ఊట ఉంది. పైనున్న ఇళ్ల ప్రహరీలకూ కింద రోడ్డుకూ మధ్య ఇంకా ఎవరూ ప్లాట్లు చేయని కాస్త జాగా అది. ఎండాకాలంలో కూడా అక్కడి నేల పూర్తిగా ఆరదు. తుంగ మొలిచి, పాదం వేస్తే చిత్తడిగా దిగుతుంది. వరప్రసాద్ ఒక రాయి పట్టుకుని మెల్లిగా ఎత్తాడు. తడి మట్టి మీద గుంపుగా ఉన్న పురుగులు ఒక్కసారిగా చెదిరి పరుగెత్తాయి. నల్లటి వీపులు, వాటి మీద పసుపు మచ్చలు, పసుపుపచ్చ కాళ్లు. ఎగరవు. నేల మీదే, నీళ్లు పోసినట్టు జారిపోతాయి.

"అబ్బ!" అన్నాడు జగదీశ్ వెనక్కి తగ్గి. మళ్లీ ముందుకు వంగి చూశాడు. "గివే సార్. గివే గావాలె."

"తడి లేనిచోట ఇవి బతకవు జగదీశ్. రాత్రిళ్లు వేటాడతాయి. వీటి పిల్లలు కుమ్మరి పురుగు గుడ్లు తిని పెరుగుతాయి. పొలానికి మేలు చేసే జాతి." ఆయన గొంతు క్లాసులో ఉన్నట్టు మారింది. చాలా రోజులకు వినేవాడు దొరికాడు.

"కుడ్తయా సార్?"

"కుట్టవు," అన్నాడు వరప్రసాద్.

ఆ మాట అబద్ధం కాదు. ఆ పురుగు కుట్టదు. కానీ వేలితో నొక్కితే, గుడ్డ కింద ఇరుక్కుంటే, వెనకవైపు నుంచి సలసల కాగే ఘాటు ద్రవాన్ని టప్పుమని చిమ్ముతుంది. చిన్న పొగ కూడా వస్తుంది. చర్మం మీద పడితే మంటపుట్టి గోధుమరంగు మచ్చ పడుతుంది, వారం దాకా పోదు. కంట్లో పడితే చాలా ప్రమాదం. ఒకప్పుడు పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడల్లా ఆయన మొదట చెప్పే మాట అదే. తుపాకీ పురుగు అని పేరు కూడా పెట్టింది ఆయనే. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే జగదీశ్ మరో పురుగు వెతుక్కుంటాడు. తను మళ్లీ మెట్ల కిందికి పోవాలి. షూటింగ్ రోజున చెప్పొచ్చులే అనుకుని రాయిని యథాస్థానంలో పెట్టాడు.

ఇంటికి వెళ్లి చెబితే భార్య శేషారత్నం ముఖం విప్పారింది. "అయితే సినిమాలో మీ పేరు వేస్తారన్నమాట! ఏమని వేస్తారండీ?"

"కీటక శాస్త్ర సలహాదారు అని అన్నాడు జగదీశ్."

"ప్రొఫెసర్ అని కూడా వేయమనండి, ముందు."

"నేను లెక్చరర్ని కదా."

"ఎవరు చూడొచ్చారు!" అని ఆవిడ నవ్వుతూ పక్క ఫ్లాటు వాళ్లకు చెప్పడానికి వెళ్లింది. కూతురు నిహారిక అప్పుడే మాదాపూర్ నుంచి ఆఫీసు క్యాబులో దిగింది. విషయం విని, బ్యాగు భుజాన ఉండగానే తండ్రిని వాటేసుకుంది. "సూపర్ నాన్నా! మా టీమ్ అంతా ఫస్ట్ డే వెళ్తాం." ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇంట్లో మాటలన్నీ ఆమె ఆఫీసు చుట్టూనే తిరిగేవి. ఆ పూట భోజనాల దగ్గర తల్లీకూతుళ్లిద్దరూ ఆయన్నే ప్రశ్నలడిగారు. వరప్రసాద్ ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

ఆ తర్వాతి సాయంత్రాలు ఆయన ఊట దగ్గరే గడిపాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని పురుగుల్ని ఒక్కొక్కటే పట్టి, తడి నాచు పరిచిన ప్లాస్టిక్ డబ్బాల్లో వేశాడు. ఎత్తిన రాయిని ఎత్తినచోటే, అదే వైపు పెట్టాలని ఎన్నో బ్యాచుల పిల్లలకు నేర్పిన మనిషి. ఈసారి జగదీశ్ చాలా కావాలన్నాడు, వెలుతురు తగ్గిపోతోంది. రాళ్లను తిరగేసి అలాగే వదిలేసుకుంటూ పోయాడు.

షూటింగ్ రోజున స్టూడియో ఫ్లోరులో అడుగుపెట్టగానే ఉక్కపోత ముఖానికి కొట్టింది. సిమెంటు, పీచు, రంగులతో పాత బావి కట్టారు. గట్టు మీద ఒక ముసలామెను పడుకోబెట్టి మేకప్ మ్యాన్ ముఖానికి బూడిదరంగు పూస్తున్నాడు. ఆయన పేరు రామకృష్ణ, నెరిసిన జుట్టు మనిషి, ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి ఈ పనిలో స్థిరపడ్డాడు. ఆ ముసలామె జూనియర్ ఆర్టిస్ట్ కౌసల్య. డబ్బాలోకి తొంగిచూసి ఆమె అడిగింది.

"సారూ, గివేనా నా మొఖం మీద ఉరికేటివి? కరుస్తయా?"

"లేదమ్మా. కరవవు, కుట్టవు."

"అయితే ఫికర్ లేదు. ఎన్ని సినిమాలల్ల సచ్చిన్నో నాకే యాదికి లేదు. ఊపిరి బిగవట్టి పండుడే నా పని. కదిలితె పరువు పోతది గద."

రామకృష్ణ నవ్వాడు. "శవం వేషమంటే కౌసల్యమ్మ తర్వాతేనండీ ఎవరైనా. దోమ కుట్టినా కదలదు."

ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు వరప్రసాద్. అమ్మా, కళ్లు గట్టిగా మూసుకో, రెప్పల మీద దూది పెట్టమను. అంతే చెప్పాలి. నోరు తెరిచాడు. అదే సమయానికి డైరెక్టర్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"వీరేనా ప్రొఫెసర్ గారు? చూడండయ్యా అందరూ, శాస్త్రవేత్తను పెట్టుకుని తీస్తున్నాం మనం. ప్రొఫెసర్ గారికి కుర్చీ!"

ఎవరో కుర్చీ తెచ్చి కెమెరా పక్కనే వేశారు. ఇంకెవరో కాఫీ తెచ్చారు. వరప్రసాద్ కూర్చున్నాడు.

మొదటి టేకులో పురుగులు ముఖం మీద నిలవలేదు. లైట్ల వేడికి తల్లడిల్లి, తడి కోసం వెతుక్కుంటూ బావి పగుళ్లలోకి పారిపోయాయి. రెండోదీ అంతే. డైరెక్టర్ విసుక్కున్నాడు. "గుడ్డ వదులుగా ఉంది. పురుగుల్ని ముఖం మీద పోసి, గుడ్డను చుట్టూ బిగించి తలకింద దోపండి. హీరో లాగినప్పుడు ఒక్కసారే రావాలి."

వరప్రసాద్ లేచాడు. "కొంచెం... అలా బిగిస్తే..."

"ఏం, చస్తాయా?"

"చావవు. కానీ..."

డైరెక్టర్ ఎదురుచూస్తున్నాడు. కెమెరామన్, లైట్ల మీదున్న మనుషులు, హీరో కూడా ఆయన వంకే చూస్తున్నారు. అంతమంది ముందు ఇప్పుడు చెబితే, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

"ఏం లేదు. కానివ్వండి," అని కూర్చున్నాడు.

గుడ్డ బిగించారు. గుడ్డ కింద పురుగులు కుతకుతలాడాయి. తర్వాత ఆ చప్పుడు మొదలైంది. టప్. టప్ టప్. పప్పు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు. అందరూ లైట్ల చప్పుడనుకున్నారు. ఒక్క వరప్రసాద్‌కే తెలుసు. హీరో గుడ్డ లాగాడు. సన్నటి పొగ లేచింది, పురుగులు నలువైపులా పరుగెత్తాయి. కౌసల్య కదల్లేదు. ముక్కుపుటాలు కూడా అదరలేదు. కానీ మూసిన రెప్ప కింద నుంచి నీరు ఊరి, బూడిదరంగు మేకప్ మీద చార కట్టుకుంటూ చెవివైపు జారింది.

"కట్!" అని అరిచాడు డైరెక్టర్. "అద్భుతంగా వచ్చేది! శవానికి కన్నీళ్లేంటమ్మా?"

"తప్పయింది సారు," అంది కౌసల్య కళ్లు మూసుకునే. "జర మంటగ అయితుంది. ఇంకోపాలి చేద్దాం."

ఇంకోసారి చేశారు. మళ్లీ చేశారు. వరప్రసాద్ కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాడు. కాఫీ చల్లారింది. చివరికి డైరెక్టర్ సరే అన్నాక కౌసల్య లేవబోయి తూలింది. ఎడమ కన్ను తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బి, చుట్టూ చర్మం మాడినట్టు గోధుమరంగుకు తిరిగింది. రామకృష్ణ నీళ్లు తెచ్చి కడుగుతుంటే ఆమె పళ్లు బిగబట్టి మూలిగింది. ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు పరుగున వచ్చాడు.

"ఏమైంది? పురుగుల వల్లనాండీ ప్రొఫెసర్ గారూ?"

అందరి కళ్లూ మళ్లీ ఆయన మీదే. వరప్రసాద్ చూపు ఎక్కడా ఆగలేక కిందికి దిగింది. అక్కడ రామకృష్ణ మేకప్ పెట్టె తెరిచి ఉంది.

"కాదండీ," అన్నాడు. "ఈ పురుగులు కుట్టవు. మేకప్ పడకపోయి ఉంటుంది."

రామకృష్ణ తలెత్తి చూశాడు. చలపతిరావు గట్టిగా అందుకున్నాడు. ఏ పాత రంగులు పూశావయ్యా అని, ముసలామె కన్ను పోతే యూనియన్‌కు ఎవడు జవాబు చెప్పాలని, రేపటి నుంచి సెట్టుకు రావద్దని. కౌసల్యను ఆటో ఎక్కించి పంపేశారు. ఫ్లోరు ఊడ్చేవాళ్లు మందు కొట్టి, చచ్చిన పురుగుల్ని చీపురుతో కుప్ప చేశారు. వరప్రసాద్ వంగి, బావి పగుళ్లలో ఇంకా కదులుతున్న కొన్నింటిని ఏరుకుని డబ్బాలో వేసుకున్నాడు. వేళ్ల మీద టప్పుమన్నాయి. చెయ్యి తీయలేదు.

తిన్నగా ఊట దగ్గరకు వెళ్లాడు. తను తిరగేసి వదిలిన రాళ్లు కడుపులు పైకి పెట్టుకుని ఎండలో ఉన్నాయి. వాటి కింద తడిగా ఉండాల్సిన నేల పెచ్చులు కట్టింది. డబ్బా వంచితే పురుగులు ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడక్కడే తిరిగాయి. ఆయన పొద్దుగుంకే దాకా ఒక్కో రాయినీ తిప్పి పెట్టాడు.

ఇంట్లో తలుపు తీసిన నిహారిక ఆయన చేతులు చూసింది. వేళ్ల చివరలన్నీ గోధుమరంగు మచ్చలు.

"తుపాకీ పురుగులా నాన్నా? వాటినా తీసుకెళ్లింది?" ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ముఖం మీద వదులుతారన్నావుగా. కంట్లో పడితే? నన్ను చిన్నప్పుడు దగ్గరికి కూడా రానిచ్చేవాడివి కాదు. వాళ్లకి చెప్పావా?"

"చెప్పాను," అన్నాడు వరప్రసాద్.

"ఆవిడకి?"

"చెప్పానన్నాను కదమ్మా."

బాత్రూములోకి వెళ్లి సబ్బు పెట్టి వేళ్లు రుద్దుకున్నాడు. ఆ మచ్చలు సబ్బుకు పోవని ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా రుద్దాడు. ఆయన స్టూడియో నుంచి ఫోన్ చేసి చెప్పిన మాటనే బయట శేషారత్నం ఫోనులో ఎవరితోనో చెబుతోంది, డైరెక్టర్ గారు స్వయంగా కుర్చీ వేయించారట అని.

నాలుగు రోజులు ఆయన కాలేజీకి వెళ్లి వచ్చాడు. పాఠం చెబుతూ చెయ్యి బోర్డు మీద పెట్టగానే మచ్చలు కనబడేవి. చెయ్యి దించేసేవాడు. పిల్లలు చూడటం లేదని తెలుసు. అయినా చేతులు జేబుల్లో పెట్టుకుని చెప్పడం అలవాటు చేసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక జగదీశ్‌కు ఫోన్ చేసి కౌసల్య ఇల్లెక్కడో అడిగాడు.

ఫిల్మ్ నగర్ బస్తీలో, ఎత్తైన బంగళాల వెనక బండను ఆనుకుని రేకుల ఇల్లు. కౌసల్య గడప దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఎడమ కంటికి కట్టు. ఆయన్ని గుర్తుపట్టి లేవబోయింది.

"రాండ్రి సారూ! నాకోసం వచ్చిండ్రా మీరు? కూసోండ్రి."

"వద్దమ్మా, మీరు కూర్చోండి. కన్నెలా ఉంది?"

"పక్కింట్ల బాలింత చనుబాలు పిండింది రెండు దినాలు. తగ్గకపోయేసరికి సర్కారు దవాఖానకు పోయిన. నల్లగుడ్డు మీద కాలిందన్నరు. రంగుల మందులు ఏమన్న పడ్డయా అని అడిగిండ్రు. ఏం చెప్పాలె? మేకప్ అని చెప్పిన." ఆమె కొంగుతో చెంప తుడుచుకుంది. "నాకు కంటి బాధ ఒక దిక్కు, సిగ్గు ఒక దిక్కు సారూ. గంతమంది ముంగట శవం కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంది. నాకు గదొక్క పనే వస్తుండె. గది గూడ సక్కగ చెయ్యకపోతి. డైరెక్టర్ సారు మళ్ల పిలుస్తడో లేడో. మీ మాటంటె వింటడు, జర చెప్పుండ్రి."

వరప్రసాద్ చేతులు జేబుల్లో ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు.

"ఇంకో మాట. పాపం రామకృష్ణను తీసేసిండ్రట. ఎన్ని సార్లు నాకు మేకప్ చేసిండో, ఎన్నడు గిట్ల కాలె. ఆయన పెండ్లాం నిన్న వచ్చి గీడ నిలవడి ఏడ్చింది. నీ వల్లనే అన్నది. నేనేం జెయ్యాలె సారూ? నా కన్ను నాకు పగదాని లెక్క అయింది."

"మీ వల్ల కాదమ్మా," అన్నాడు వరప్రసాద్. "మేకప్ వల్ల కూడా కాదు. పురుగుల వల్ల."

కౌసల్య ఒంటికన్నుతో ఆయన్ని చూసింది. "కుట్టవంటిరి గద."

"కుట్టవు. నొక్కితే వెనక నుంచి మంట మందులాంటిది చిమ్ముతాయి. అది కంట్లో పడితే కాలుతుంది. నాకు ముందే తెలుసు."

వీధిలో ఎవరో నీళ్ల బిందెతో పోతూ పలకరించారు. కౌసల్య పలకలేదు. కట్టు మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు చెప్తె ఏమైతుండె సారూ? నేను చెయ్యనంటుంటినా? కండ్లు ఇంక గట్టిగ మూసుకుంటుంటి. రెప్పల మీద ఇంత దూది పెట్టుకుంటుంటి. గంతే గద. పని జెయ్యనంటుంటినా నేను?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది, ఒక్క మాట ఎందుకంత బరువైందో. కుర్చీ వేశారని, ప్రొఫెసర్ అన్నారని, అందుకని నీ కన్ను సంగతి చెప్పలేదని ఆమెకు ఎలా చెప్పడం? తల వంచుకుని నిలబడ్డాడు.

"నాకు చెప్తె ఏం లాభం?" అంది కౌసల్య చివరికి, ముఖం పక్కకు తిప్పుకుని. "గాడ చెప్పుండ్రి. ఎవ్వల ముంగట అబద్ధమాడిండ్రో గాల్ల ముంగట."

అక్కడి నుంచి ప్రొడక్షన్ ఆఫీసు నడిచే దూరమే. మలుపు తిరిగి పైకెక్కితే బోగన్‌విల్లా పాకిన గేటు. మెట్ల మీద రామకృష్ణ కూర్చుని ఉన్నాడు, చలపతిరావు గారు లోపలికి పిలుస్తారేమోనని. వరప్రసాద్‌ను చూసి ఆ మనిషి అలవాటుగా లేచి నిలబడ్డాడు. వరప్రసాద్ తల తిప్పుకుని రెండు మెట్లెక్కేశాడు. మూడో మెట్టు మీద ఆగి వెనక్కి వచ్చాడు.

"మీరు కూడా రండి లోపలికి."

"పిలవలేదండీ."

"నేను పిలుస్తున్నాను. రండి."

లోపల డైరెక్టర్, చలపతిరావు, జగదీశ్ ఏవో ఫోటోలు ముందేసుకుని కూర్చున్నారు. వరప్రసాద్ కూర్చోలేదు. మొదలుపెట్టిన మాట మధ్యలో ఆగితే మళ్లీ రాదని భయపడి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాడు. పురుగు సంగతి తనకు తెలుసని, ఊట దగ్గర జగదీశ్‌కు చెప్పలేదని, సెట్టులో ఆమెకు చెప్పలేదని, అడిగినప్పుడు మేకప్ అని అబద్ధమాడానని.

మొదట మాట్లాడింది డైరెక్టర్. "అంటే ఆ పొగ మీ పురుగులదా! నేను లైట్ల దగ్గర దుమ్మేమో అనుకున్నా. ఏం వచ్చిందండీ అది తెర మీద! ఇంకొన్ని దొరుకుతాయా, క్లైమాక్స్‌కి?"

వరప్రసాద్ ఆయన ముఖంలోకి చూశాడు. ఆ మనిషి వేళాకోళం చేయడం లేదు.

"దొరకవు," అన్నాడు.

"మీరు చదువుకున్నవారు," అన్నాడు చలపతిరావు కోపాన్ని అణచుకుంటూ. "అందరి ముందూ అడిగాను మిమ్మల్ని. అడగలేదా?"

"అడిగారు."

జగదీశ్ ఫోటోల మీంచి తల ఎత్తలేదు. "నేనే తెచ్చిన మిమ్మల్ని. మా సార్ అని చెప్పుకున్న," అన్నాడు నెమ్మదిగా.

రామకృష్ణ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు అంతవరకూ ఎప్పుడూ లేవనంత పైకి లేచింది.

"ఆ మాట అనేటప్పుడు మీరు నా పెట్టె వంక చూశారండీ. నేను చూశాను మిమ్మల్ని. పెట్టె కనబడింది కాబట్టి మేకప్ అన్నారు. ఇంకేదైనా కనబడి ఉంటే ఇంకొకరి పేరు చెప్పేవారు. నా తల నెరిసింది ఈ పెట్టెతోనే. నా మీద నాకే అనుమానం పుట్టించారు కదండీ! ఇంటికెళ్లి డబ్బాలన్నీ నా కళ్లకు నేనే రాసుకుని చూసుకున్నా."

"క్షమించండి," అన్నాడు వరప్రసాద్. అంత పెద్ద గదిలో ఆ మాట ఎంత చిన్నదో ఆయనకే వినబడింది.

రామకృష్ణను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. కౌసల్య వైద్యం సంగతి యూనియన్‌తో కలిసి చూసుకుంటామని చలపతిరావు చెప్పాడు. తెర మీద తన పేరు వేయవద్దని వరప్రసాద్ అడిగితే, అలాగే అన్నాడు, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు. బయటికొచ్చేటప్పుడు ఎవరూ గేటు దాకా రాలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పాడు. శేషారత్నం చేస్తున్న పని ఆపి వింది. "ఇప్పుడు అందరికీ ఏమని చెప్పనండీ?" అంది మొదట. కాసేపటికి తన మాటకు తనే సిగ్గుపడి వంటింట్లోకి వెళ్లింది. నిహారిక సోఫాలో కూర్చునే ఉంది.

"నేను అడిగాను నాన్నా. రెండుసార్లు అడిగాను."

"అవునమ్మా."

"వాళ్లతో అంటే భయం అనుకుంటాను. నాతో ఎందుకు?"

నిహారిక లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సోమవారం పొద్దున క్యాబు హారన్ కొడితే ఎప్పటిలా టాటా చెప్పకుండా చెప్పులేసుకుంది. కానీ గడప దాటి ఆగింది.

"ఆవిడని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు?"

"ఒక్కతే వెళ్తున్నట్టుంది."

నిహారిక మెట్లు దిగిపోయింది.

ఆ రోజే వరప్రసాద్ కాలేజీకి సెలవు పెట్టి కౌసల్య ఇంటికి వెళ్లాడు. ఆమె ఆయన్ని చూసి పీట వేయలేదు. తోడు వస్తానంటే చీటీ తీసి కొంగున ముడివేసుకుంది.

"రాండ్రి. గాడ డాక్టర్లు ఇంగ్లీషుల మాట్లాడుకుంటరు. నాకు సమజ్ కాదు."

ఆసుపత్రిలో వరండా అంతా కట్లు కట్టుకున్న కళ్లే. వాళ్ల వంతు వచ్చాక డాక్టరమ్మ దీపం వేసి చూసింది. పాత చీటీ చూసి, "ఏ కంపెనీ మేకప్ ఇది? ఇంతలా కాలింది," అంది.

"మేకప్ కాదండీ, పురుగు," అన్నాడు వరప్రసాద్. పురుగు శాస్త్రీయ నామం చెప్పాడు, అది చిమ్మే ద్రవం ఏమిటో చెప్పాడు. డాక్టరమ్మ ఆసక్తిగా పెన్ను ఆపింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

వెనక లైనులో ఉన్నవాళ్లు మెడలు చాచి వింటున్నారు. కౌసల్య మంచి కన్ను ఆయన మీదే ఉంది.

"నేను జువాలజీ చెబుతానండీ. ఆ పురుగుల్ని పట్టి తెచ్చి ఆమె ముఖం మీద వేయించింది నేనే. ఇలా అవుతుందని చెప్పలేదు."

డాక్టరమ్మ ఆయన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, చీటీ మీద ఏదో కొట్టేసి మళ్లీ రాసింది. తర్వాత మాటలన్నీ కౌసల్యతోనే, తెలుగులోనే చెప్పింది. మంట తగ్గుతుంది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మాత్రం ఉండిపోతుంది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనుషులు మసకగా కనబడతారు. వారానికోసారి వచ్చి చూపించుకోవాలి.

"శవం వేషాలు ఎయ్యొచ్చా అమ్మా?" అని అడిగింది కౌసల్య.

డాక్టరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. వరప్రసాద్ వివరించబోతే కౌసల్యే అంది, "కండ్లు మూసుకొని పండే పని."

"చేసుకోవచ్చు. దుమ్ములోకి మాత్రం వెళ్లకు."

కౌసల్య తల ఊపింది. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఎండ తగిలి ఆమె అడుగు తడబడింది. వరప్రసాద్ గబుక్కున మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని విదిలించలేదు, నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది.

"ఒక కన్ను మంచిగనే కనవడ్తది సారూ," అంది.

మెట్లు ఒక్కొక్కటే, గోడను చేత్తో తడుముకుంటూ దిగింది. ఆయన ఒక మెట్టు వెనక దిగాడు. బస్టాపులో ఇద్దరూ చెరోపక్క నిలబడ్డారు. బస్సు దూరంగా కనబడ్డాక ఆమె కొంగు సర్దుకుంటూ, ఆయన వైపు తిరక్కుండానే చెప్పింది.

"మళ్ల సోమారం రమ్మన్నది గద. జర జల్ది రాండ్రి. లేటైతే లైను పెరుగుతది."

"వస్తానమ్మా," అన్నాడు వరప్రసాద్.

కౌసల్య ముందు ఎక్కి ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఆయన వెనక తలుపు నుంచి ఎక్కి కడ్డీ పట్టుకున్నాడు. ఫిల్మ్ నగర్ స్టాపు వచ్చేదాకా ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆయన మాత్రం ఆమె ఎక్కడ లేస్తుందో, దిగేటప్పుడు మెట్టు కనబడుతుందో లేదోనని ఆమె తల వంకే చూస్తూ నిలబడ్డాడు.